అమ్మ పేరిట పూజ

మనిషి పోయిన తర్వాత జరిపే కార్యాలు పోయినవారి కోసమా, ఉన్నవారి కోసమా అన్న ప్రశ్న పాతది. శాస్త్రం తెలిసినవారు పోయినవారి కోసమే అంటారు. లోకం చూసినవారు ఉన్నవారి కోసమేనని నవ్వి ఊరుకుంటారు. మాబోటి గుమాస్తాలకు ఇందులో తీర్పు చెప్పే అర్హత లేదు గాని, తల్లి విషయంలో ఈ రెండూ వేరు కావని మాకు తోస్తుంది. ఆమె పేరిట చేసే కార్యంలో ఆమె బిడ్డలలో ఒక్కరు గుమ్మం బయట మిగిలిపోయినా, అది ఆమెకు చేసినట్టు కాదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు ఎత్తుకున్నామంటే, మన తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఒకే ఇంట రెండు మతాలవారు ఉండటం అరుదేమీ కాదు. పెళ్ళిళ్ళప్పుడు ఏదో విధంగా సర్దుకుంటాము. పండుగలకు పళ్ళేలు పంపుకుంటాము. చావు వచ్చినప్పుడే ఎవరు ఎక్కడ నిలబడాలన్న చిక్కు వస్తుంది.

మన వైపు తెలుగు కథోలికులు నిన్న మొన్న వచ్చినవారు కారు. పేరంబాక్కం దగ్గరి కీళచ్చేరి తరతరాలుగా తెలుగు కథోలిక కుటుంబాలున్న ఊరు. 2000 సంవత్సరం దాకా హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా ఉన్న సామినేని అరుళప్పగారు ఆ ఊరి బిడ్డే. ఇంటిపేరు తెలుగు, సొంత పేరు తమిళం, మతం కథోలికం. మన సరిహద్దు బ్రతుకంతా ఆ ఒక్క పేరులో ఉన్నది.

తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాము. కథోలికులు పోయినవారి పేరిట భూస్థాపన నాడే గాక ఏడవ నాడు, ముప్పయ్యవ నాడు, సంవత్సరీకానికి కూడా పూజ చెప్పిస్తారు. నవంబరు 2వ తేదీ పోయినవారందరి పండుగ. ఆనాడు సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పూజలో తలచుకోవలసిన పేర్లు చీటీ మీద వ్రాసి గురువుగారికి ఇస్తారు. పూర్వం ఈ పూజ లాటిన్ భాషలో, నల్లని వస్త్రాలతో జరిగేది. 1963 డిసెంబరులో వాటికన్ మహాసభ, ఉత్తరక్రియలలో పునరుత్థానపు ఆశ కనబడాలని, ఆయా దేశాల ఆచారాలకు అనుగుణంగా ఉండాలని చెప్పింది. 1969లో కొత్త క్రమం వచ్చింది. అదే సంవత్సరం మన దేశపు గుళ్ళలో దీపం, హారతి, చేతులు జోడించి నమస్కరించటం వంటివి పూజలో చేరడానికి రోము అనుమతి దొరికింది. నిలువు దీపం వెలిగించి పూజ మొదలుపెట్టటం చూసి, ఇదేమిటి మన గుడి పద్ధతిలాగా ఉన్నదే అని ఆశ్చర్యపడే హిందూ సోదరులకు ఇదీ సంగతి.

కొంతకాలం క్రిందట మాతోపాటు ఆఫీసులో పనిచేసే ఒక మిత్రుని తల్లిగారి ముప్పయ్యవ నాటి పూజకు వెళ్ళాము. ఊరు, పేర్లు చెప్పము. ఆమెకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. చిన్న కూతురు తిరుత్తణిలో హిందువుల ఇంటికి కోడలుగా వెళ్ళింది. బొట్టు పెట్టుకుంటుంది, ఆడికృత్తికకు కొండ ఎక్కుతుంది. తల్లిని మట్టి చేసిన నాడు ఆ అమ్మాయి, భర్త, పిల్లలు గుడి ప్రహరీ దగ్గరే నిలబడిపోయారు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. అటువంటి దానినే మనవారు మర్యాద అంటారు.

ముప్పయ్యవ నాటికి మా మిత్రుడు, అనగా చిన్న కొడుకు, పట్టుబట్టాడు. "చెల్లెలు ముందు వరుసలో మన పక్కన కూర్చోవాలి, లేకపోతే నేను వెనక్కు పోయి దాని పక్కన కూర్చుంటాను" అన్నాడు. పెద్దాయన చెడ్డవాడు కాడు. ఊరిలో పెద్దమనిషి గనుక నలుగురూ ఏమంటారోనని ఆయన బెంగ. ఇద్దరూ కలిసి ఫాదరుగారి దగ్గరకు వెళ్ళారు. ఆయన వయసులో చిన్నవాడే అయినా బుద్ధిమంతుడు. "పూజ మార్చడానికి నాకు అధికారం లేదండీ. కుర్చీలు మార్చడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు" అన్నారట.

ఆనాడు జరిగిన పద్ధతి చెబుతాము, ఎవరికైనా పనికివస్తుంది. మొదట నలుగురు బిడ్డలూ వయసు వరుసలో వచ్చి నిలువు దీపానికి ఒక్కొక్క వత్తి వెలిగించారు. పూజ తమిళంలో సాగింది. సత్ప్రసాదం ఇచ్చేముందు ఫాదరుగారు తమిళంలో ఒకసారి, వచ్చీరాని తెలుగులో ఒకసారి చెప్పారు: ఇది కథోలికుల విశ్వాసానికి సంబంధించినది, వారే తీసుకుంటారు, తక్కినవారు కూర్చుని ఉండవచ్చు, లేదా రొమ్ము మీద చేతులు కట్టుకుని వస్తే ఆశీర్వదిస్తాను, ఏది చేసినా తప్పులేదు. చిన్న కూతురు వెళ్ళి ఆశీర్వాదం తీసుకున్నది. అల్లుడుగారు కూర్చునే ఉన్నారు. ఎవరూ తలతిప్పి చూడలేదు.

తర్వాత తల్లిగారిని గురించి ఇంటివారు మాట్లాడవలసిన వంతు. మృతుల పూజలో గురువు చేసే ప్రసంగం పోయినవారి పొగడ్తగా ఉండకూడదని నియమం. అది దేవుని వాక్యాన్ని గురించిన ప్రసంగం. ఇంటివారి మాటలకు సత్ప్రసాదం తర్వాత కొంచెం చోటు ఉంటుంది. పెద్దాయన ఒక పొడుగాటి లెక్కల పుస్తకం తీసుకువచ్చారు. అందులో ముందు పేజీలలో పాల లెక్క, చీటీల లెక్క. వెనక పేజీలలో పేర్లు. ఏటా నవంబరు 2న పూజలో తలచుకోవటానికి ఆమె గురువుగారికి ఇచ్చే పేర్లు. అంతా తెలుగు అక్షరాలు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మనుమలకు తెలుగు మాట వచ్చు గాని అక్షరం రాదు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చిన తర్వాత మన పిల్లలకు బడిలో తెలుగు దూరమైన సంగతి పాఠకులకు కొత్త కాదు. కొడుకులిద్దరూ కూడబలుక్కుని చదవగలరు గాని, ముసలామె గొలుసుకట్టు వ్రాత వారికి అందలేదు. ధారాళంగా చదవగలవాడు ఆ గుడిలో ఒక్కడే. తిరుత్తణి అల్లుడు. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసినా, ఆయన ఇంట్లో తెలుగు చదువు వదిలిపెట్టలేదు. పెద్దాయన పుస్తకం తీసుకుపోయి, "బావగారూ, మీరే చదవాలి" అన్నారు.

ఆయన చదివారు. ఆమె తల్లిదండ్రులు, భర్త, పురిటిలోనే పోయిన ఇద్దరు పిల్లలు, పాతకాలపు ఉపదేశి ఒకాయన, వీధిలో ఆకుకూరలు అమ్మిన ముసలామె. అలా చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయారు. "తిరుత్తణి వియ్యంకులవారు" అని వ్రాసి, క్రింద ఆయన తండ్రిగారి పేరు ఉన్నది. నుదుట విభూతి లేకుండా గడప దాటని మనిషి పేరు, ఏటా ఆ గుడిలో బలిపీఠం దగ్గర వినబడుతూ వచ్చిందన్నమాట. ఆ సంగతి కూతురికీ తెలియదు. పెద్దాయన లేచి వచ్చి బావగారి పక్కన నిలబడ్డారు. తక్కిన పేర్లు పూర్తి అయ్యేదాకా అక్కడే నిలబడి ఉన్నారు.

హిందువు పేరిట పూజ చెప్పించటం ఆమె తెలియక చేసిన పని కాదు. బ్రతికున్న వారైనా, పోయినవారైనా, ఎవరికోసమైనా గురువు పూజ అర్పించవచ్చునని 1983 నాటి కథోలిక ధర్మశాస్త్రం 901వ విధిలో స్పష్టంగా ఉన్నది. మతం మారినవారికే అన్న షరతు అందులో లేదు. ఆ విధి ఆమె చదివి ఉండదు. వియ్యంకుడు మంచివాడు, పేరు వ్రాసుకున్నది, అంతే.

ఈ పేర్ల సంగతి కూడా నేటిది కాదు. సెయింట్ అగస్టీను తల్లి మోనిక కథ మనలో చాలామందికి తెలియదు. ఆఫ్రికాలో పుట్టిన ఆ తల్లి భర్త పత్రీసియుసు చాలాకాలం క్రైస్తవుడు కాడు. చివరి రోజులలో గాని జ్ఞానస్నానం పొందలేదు. మోనిక 387లో రోము రేవైన ఓస్టియాలో, స్వదేశానికి దూరంగా జబ్బుపడింది. భర్త సమాధి పక్కనే తన సమాధి ఉండాలని అంతకుముందు ఆమెకు పెద్ద కోరిక. చివరికి, నన్ను ఎక్కడ పాతినా సరే, మీరు ఎక్కడున్నా బలిపీఠం దగ్గర నన్ను తలచుకోండి, అది చాలు అని కొడుకులతో చెప్పింది. అగస్టీను తన ఆత్మకథలో ఈ సంగతి వ్రాసి, తన పాఠకులను తల్లినీ తండ్రినీ ఇద్దరినీ తలచుకొమ్మని కోరాడు. పదహారు వందల ఏళ్ళ క్రిందటి ఆ కోరికకూ, మన పాల లెక్కల పుస్తకానికీ ఎంత దూరమున్నది?

లోకమంతా అమ్మా అని పిలిచిన మదర్ థెరీసా 1997 సెప్టెంబరు 5న కలకత్తాలో కన్నుమూశారు. సెప్టెంబరు 5 అంటే తిరుత్తణివారికి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు, మరువరాని తేదీ. 13వ తేదీన నేతాజీ ఇండోర్ స్టేడియంలో ఆమె అంత్యక్రియల పూజ జరిగింది. అది కథోలిక పూజే. అయినా హిందువులు, ముస్లిములు, సిక్కులు, బౌద్ధులు తమ తమ రీతిలో అక్కడ ప్రార్థించారు. పూజకు ఏ లోటూ రాలేదు.

మన పెద్దల దారి మాత్రం వేరా? తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటి దగ్గర ప్రతి అమావాస్యకూ ఎంత జనమో రైలులో వచ్చేవారికి తెలుసు. తల్లిదండ్రులను తలచుకోవటానికే వారు వస్తారు. గయలో తల్లికని ప్రత్యేకంగా పదహారు పిండాలు పెడతారు. గర్భంలో మోసినప్పటి నుంచి పెంచినంతకాలం ఆమె పడిన కష్టాలు ఒక్కొక్కటే చెప్పి ఒక్కొక్క పిండం. శంకరాచార్యులవారు సన్యాసి అయ్యుండి, బంధువులు కాదన్నా తల్లికి స్వయంగా దహనం చేశారంటారు. తిరువళ్ళూరు దాటితే వచ్చే తిరువాలంగాడు కారైక్కాల్ అమ్మయ్యారు ముక్తి పొందిన చోటు. తల్లి లేని శివుడు ఆమెను అమ్మా అని పిలిచాడని కథ. ఏ మతంలో చూచినా, నియమం పట్టుకున్నవాడు కూడా తల్లి దగ్గర కొంచెం మెత్తబడతాడు.

అందుకని అన్నీ కలిపి కలగాపులగం చేయమని మేము అనటం లేదు. పూజలో మంత్రం చదివించాలని, పిండం దగ్గర బైబిలు పెట్టాలని మా ఉద్దేశం కాదు. అట్లా చేస్తే ఇద్దరికీ తృప్తి ఉండదు. ఎవరి క్రమం వారిది. మారవలసింది క్రమం కాదు, చోటు. ఇదే నియమం రెండు వైపులకూ వర్తిస్తుంది. హిందువుల ఇంట్లో తల్లి పోయి, కథోలికుడైన కొడుకు తర్పణం వదలలేనంటే, అతన్ని వీధి అరుగు మీద కూర్చోబెట్టవద్దు. ఆమె పటానికి పూలమాల వేయటం, వచ్చినవారికి వడ్డించటం, నాలుగు మాటలు చెప్పటం అతనికి అప్పగించవచ్చు.

కథోలిక పూజ చెప్పించేవారికి కొన్ని మనవులు. వారం ముందుగానే గురువుగారిని కలుసుకుని ఇంట్లో ఎవరెవరు ఏ మతమో దాచకుండా చెప్పండి. బంధువులకు ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి అన్నది ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వండి, తెలియక తికమకపడేవారి బాధ తగ్గుతుంది. సత్ప్రసాదం సంగతి ముందుగానే మెల్లగా చెప్పండి, పంక్తిలో నిలబడిన తర్వాత వద్దనటం అవమానం. మాట్లాడేది ఒక్కరే, అయిదు నిమిషాలే. తల్లిని దేవతను చేయకుండా, ఆమె వండినది, అన్నది, కోప్పడినది చెబితే చాలు. ఆ పూట శాకభోజనం పెట్టండి, అందరూ ఒకే పంక్తిలో కూర్చోవచ్చు. ఆ ఇంట్లోనూ అట్లాగే చేశారు. సాంబారు అన్నం, మజ్జిగ, అమ్మ చేతి పద్ధతిలో చింతకాయ పచ్చడి.

కడపటి మనవి అన్నిటికంటే ముఖ్యమైనది. పూజ తమిళంలో జరగనివ్వండి, ఊరి భాష అది. కాని ఆమె రోజూ చెప్పుకున్న పరలోకజపం ఒక్కటైనా తెలుగులో చెప్పించండి. ఆమె ఏ భాషలో ప్రార్థించిందో ఆ భాష ఆ నాడైనా గుడిలో వినబడాలి.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి పుస్తకాలు ఉండే ఉంటవి. పాత కాగితాలని అమ్మివేయకముందు ఒకసారి వెనక పేజీలు తిప్పి చూడండి. చదవగల పెద్దలు ఉండగానే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేర్లు చదివించండి. వారికి అక్షరాలు రాకపోతే ఆ పేర్లతోనే మొదలుపెట్టండి.