మూత తీసి చూపించండి

2025 అక్టోబరు 14న మన ఇళ్లలో చాలా లాప్‌టాప్‌లు చెడిపోకుండానే పాతబడిపోయాయి. ఆ రోజుతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలట, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ పైదో అయి ఉండాలట. అంటే 2017కి ముందు కొన్నవాటిలో ఎక్కువ భాగం అనర్హుల జాబితాలో చేరినట్టే. కీబోర్డు పలుకుతోంది, తెర వెలుగుతోంది, ఉత్తరం రాసుకోవడానికీ సినిమా చూడటానికీ ఏ లోటూ లేదు. అయినా మార్చేయమంటున్నారు. భద్రతా సవరణలను 2026 అక్టోబరు దాకా పొందే వెసులుబాటు ఒకటి ఇచ్చారు గానీ, అది వాయిదాయే తప్ప పరిష్కారం కాదు.

ఈ సందడిలో ఒక మాట తరచుగా వినబడుతోంది: “ఎలాగూ మారుస్తున్నాం కదా, షాపులో ఉన్నది ఎందుకు, మనకు కావాల్సినట్టు కట్టించుకుందాం.” నా ఓటూ దానికే. కాకపోతే కట్టించుకోవడం అంటే ఏమిటో డబ్బు తీయకముందే తేల్చుకోవాలి. ఆ పేరుతో బజారులో అమ్ముడుపోతున్నదాంట్లో చాలావరకు ఒక్కరోజు ముచ్చటే.

అంతకంటే ముందు పాతదాని సంగతి చూద్దాం. నెమ్మదించిన పాత లాప్‌టాప్‌లో నెమ్మదికి కారణం చాలాసార్లు ప్రాసెసర్ కాదు, లోపల తిరిగే హార్డ్ డిస్క్. అది సెకనుకు సుమారు వంద మెగాబైట్లు చదివితే, అదే చోట అమరే మామూలు సాటా ఎస్ఎస్‌డీ ఐదు వందలు చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్ల దగ్గరైతే తేడా ఇంకా ఎక్కువ. డిస్క్ మార్చి, ర్యామ్ స్లాట్ ఖాళీ ఉంటే ఇంకో ముక్క పెట్టి, నీరసించిన బ్యాటరీ మార్పిస్తే కొన్నేళ్ల ఆయుష్షు తిరిగొస్తుంది. విండోస్ 11 వద్దన్నవాటిలో లినక్స్ మింటో ఉబుంటూయో హాయిగా నడుస్తాయి, భద్రతా సవరణలూ వస్తాయి. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లకు వెళ్లి చూడండి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతో, ఇవాళ్టికీ శుభలేఖలు కంపోజ్ చేసేవాళ్లు కనిపిస్తారు. పని జరుగుతున్నంతకాలం యంత్రం పాతది కాదన్నది వాళ్ల లెక్క. ఒక లాప్‌టాప్ తన జీవితకాలంలో పర్యావరణానికి చేసే హానిలో ఎక్కువ భాగం అది మన చేతికి రాకముందే, తయారీలోనే జరిగిపోతుంది కాబట్టి ఆ లెక్క భూమికీ మంచిదే.

అన్నీ చూశాక కూడా మార్చక తప్పదనుకోండి. అప్పుడు కట్టించుకునే మాట.

మనవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ‘సీటీసీ’ అంటే చాలు, కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాడికీ తెలుస్తుంది. చేతిలో కొటేషన్ కాగితంతో నాలుగు షాపులు తిరిగి, మదర్‌బోర్డు ఒకచోట, ర్యామ్ ఒకచోట, క్యాబినెట్ మరోచోట బేరమాడి, సాయంత్రానికి అసెంబుల్ చేయించుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకున్న తరం ఒకటుంది. ఆ అసెంబుల్డ్ సంస్కృతి బేరం తెలివితోనే బతకలేదు. ఇంటెల్ 1995లో ప్రకటించిన ఏటీఎక్స్ కొలతలు దాని వెన్నెముక. మదర్‌బోర్డుకు స్క్రూ రంధ్రాలు ఎక్కడ ఉండాలో, కరెంటు తీగ ఎక్కడ తగలాలో అందరూ ఒక మాట మీద నిలబడ్డారు. అందువల్ల ఎవరి బోర్డైనా ఎవరి డబ్బాలోనైనా కూర్చుంది. ఐదేళ్ల తర్వాత బోర్డు మార్చినా డబ్బా అలాగే ఉంది.

లాప్‌టాప్‌కు అలాంటి ఒప్పందమేదీ కుదరలేదు. ప్రతి కంపెనీకీ, ఆ మాటకొస్తే ఒకే కంపెనీలో ప్రతి మోడల్‌కూ, బోర్డు ఆకారం వేరు. అందుకే కస్టమ్ లాప్‌టాప్ పేరుతో దొరికేది ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, కంపెనీ వెబ్‌సైట్లో ప్రాసెసర్ ఇది, ర్యామ్ ఇంత, తెర ఇంత అని టిక్కులు పెట్టి తెప్పించుకోవడం. 1984లో ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ విద్యార్థిగా హాస్టల్ గదిలో మొదలుపెట్టిన వ్యాపారాన్ని మైకేల్ డెల్ పెంచింది ఆర్డరు తీసుకుని కట్టిచ్చే పద్ధతితోనే. రెండోది, తైవాన్‌లోని క్లెవో వంటి కంపెనీలు చేసే ఖాళీ చట్రాలు. వాటిని చిన్న కంపెనీలు తెప్పించుకుని, అడిగినవాళ్లకు అడిగినంత ర్యామ్, డిస్క్ వేసి, పైన తమ పేరు అచ్చేసి ఇస్తాయి. యూరప్, అమెరికాల్లో ఈ వ్యాపారం బాగానే సాగుతోంది.

రెండింటిలోనూ మనం ఎంచుకునేది నిజమే. ఆ ఎంపిక ఎన్నాళ్లుంటుందన్నదే ప్రశ్న. పలచటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. 8 జీబీకి టిక్కు పెట్టారా, ఆ యంత్రం చచ్చేదాకా 8 జీబీయే. పూర్వం దర్జీ పిల్లల బట్టలు కుట్టేటప్పుడు అంచు మడతలో నాలుగు వేళ్ల గుడ్డ దాచేవాడు. ఏడాది తిరిగేసరికి పిల్లవాడు పొడుగైతే కుట్టు విప్పి దింపి ఇచ్చేవాడు. కొలతలు ఎవరైనా తీసుకుంటారు. ఆ మడత వదిలినవాడే దర్జీ. ఇప్పటి కస్టమ్ లాప్‌టాప్‌లలో చాలావాటికి కొలతలున్నాయి, మడత లేదు.

కంపెనీల వాదన వినకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. తక్కువ కరెంటు తాగే ఎల్‌పీడీడీఆర్ ర్యామ్ వేగంగా పనిచేయాలంటే ప్రాసెసర్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలి. స్లాట్ పెడితే దూరం పెరుగుతుంది, మందం పెరుగుతుంది, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. ఇందులో అబద్ధం లేదు. ఇంటెల్ 2024లో తెచ్చిన లూనార్ లేక్ ప్రాసెసర్లలో ర్యామ్‌ను ఏకంగా ప్రాసెసర్ పొట్టలోనే పెట్టింది. బ్యాటరీ బాగా నిలిచిందని మెచ్చుకున్నారు కూడా. అయితే లాభాలు దెబ్బతింటున్నాయంటూ తర్వాతి తరంలో ఆ దారి వదిలేస్తామని అప్పటి అధిపతి పాట్ గెల్సింగర్ అదే ఏడాది చెప్పారు. ఇంకోవైపు, ఆ తక్కువ కరెంటు ర్యామ్‌నే స్క్రూలతో బిగించే ఎల్‌పీక్యామ్2 అనే పలచటి ముక్క వచ్చింది. లెనోవో 2024లో తన థింక్‌ప్యాడ్ పీ1లో దాన్ని వాడింది. అంటే పలచదనానికీ మార్చుకునే వీలుకూ మధ్య ఉందన్న పాత వైరం కరుగుతోంది. చేయలేకపోవడం వేరు, చేయకపోవడం వేరు.

చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. నీరవ్ పటేల్ స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 2021లో విడుదల చేసిన లాప్‌టాప్‌ను కొన్నవాళ్లు తర్వాత వచ్చిన ప్రాసెసర్ల బోర్డును అదే చట్రంలో బిగించుకుంటున్నారు. విడిభాగాలు ఇంటికి తెప్పించుకుని స్వయంగా అమర్చుకునే రకం కూడా అమ్ముతారు. తీసేసిన పాత బోర్డు చిన్న డబ్బాలో పెడితే మరో కంప్యూటర్ అవుతుంది. ఇది మన వీధి చివరి షాపులో దొరికే సరుకు కాదు. కానీ సాధ్యమేనా అన్న ప్రశ్నకు అది జవాబు. మనకు అందుబాటులో ఉన్న పెద్ద కంపెనీల్లో కూడా ఆఫీసుల కోసం చేసే మోడళ్లు కాస్త మెరుగు. 2024 నాటి థింక్‌ప్యాడ్ టీ14కు రెండు ర్యామ్ స్లాట్లున్నాయి, మరమ్మతు సులువులో ఐఫిక్సిట్ సంస్థ దానికి పదికి తొమ్మిది ఇచ్చింది.

ఈ చర్చ మన ఇళ్లలో ఎవరికి ఎక్కువ అవసరమంటే, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అవగానే లాప్‌టాప్ కొనిచ్చే తల్లిదండ్రులకు. మొదటి ఏడాది సీ ప్రోగ్రాములకు ఏ యంత్రమైనా చాలు. మూడో ఏడాదికి ఆండ్రాయిడ్ స్టూడియో, మెషిన్ లెర్నింగ్ వచ్చేసరికి 8 జీబీ ఊపిరాడదు. స్లాట్ ఉంటే అప్పుడు ర్యామ్ ఖర్చుతో పోతుంది. లేకపోతే రెండో లాప్‌టాప్ కొనాలి, 18 శాతం జీఎస్‌టీతో సహా. పిల్లవాడికి గ్రాఫిక్స్ కార్డు పనే ఎక్కువైతే, దాదాపు ఏ లాప్‌టాప్‌లోనూ అది తర్వాత మారదు కాబట్టి, ఆ డబ్బుతో అసెంబుల్డ్ డెస్క్‌టాప్ మేలు. ఇక అమెరికా నుంచి బావగారు తెచ్చేది. 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, నిజమే. ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో బావగారు బయల్దేరకముందే అడిగితే మొహమాటాలు తప్పుతాయి.

“తర్వాత పెంచుకుందామంటే ర్యామ్ ధరలు ఆకాశాన్నంటాయి కదా” అని ఎవరైనా అడగొచ్చు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగబడి కొంటుండటంతో 2025 చివర్లో ధరలు భగ్గుమన్నాయి. మామూలు వినియోగదారులకు ‘క్రూషియల్’ పేరుతో ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ఆ డిసెంబరులో ప్రకటించింది. ఇది స్లాటుకు వ్యతిరేకంగా చెప్పే సాక్ష్యంలా కనిపిస్తుంది గానీ, కాదు. ధర మండుతున్నప్పుడు స్లాట్ ఉన్నవాడు అవసరానికి సరిపడా కొని ఆగగలడు, పాత యంత్రంలోని ముక్క సరిపోతే తీసి పెట్టుకోగలడు. స్లాట్ లేనివాడు నాలుగేళ్ల అవసరాన్ని ఇవాళే ఊహించి, ఇవాళ్టి ధరకే మొత్తం కట్టాలి.

కొనేవాళ్ల తెలివి ఒక్కటే సరిపోదు. పెట్టె మీద రాసి ఉండాలి. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి లాప్‌టాప్ పక్కన మరమ్మతు సూచీ పదికి ఎంతో ధరతోపాటు కనబడాల్సిందే. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. మరమ్మతు సూచీ కోసం వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. అది మొదట ఎంచుకున్నవి మాత్రం మొబైళ్లు, ట్యాబ్లెట్లు. లాప్‌టాప్‌ను రెండో వరసలో కూర్చోబెట్టాల్సిన పనిలేదు. ఫోన్ కన్నా ఎక్కువ ధర పెట్టి, ఎక్కువ ఏళ్లు వాడదామని కొనే వస్తువు అది. ఫ్రిజ్ మీద కరెంటు నక్షత్రాలు లెక్కబెట్టడం నేర్చుకున్న జనానికి ఈ సూచీ చదవడం కష్టమేమీ కాదు.

అది వచ్చేదాకా ఆ పని మనమే చేసుకోవాలి. షాపుకు వెళ్లినప్పుడు ప్రాసెసర్ పేరు తర్వాత అడగండి. ముందు వెనక మూత తీసి చూపించమనండి, లేదా ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ తెరిచి చూపించమనండి. ర్యామ్ స్లాట్లు ఎన్ని, అందులో ఖాళీ ఎన్ని? రెండో ఎస్ఎస్‌డీకి చోటుందా? బ్యాటరీ స్క్రూలతో ఉందా, జిగురుతోనా? మేమే మూత తీస్తే వారంటీ ఉంటుందా, పోతుందా? జవాబులు కొటేషన్ కాగితం మీదే రాయించుకోండి. రాయడానికి వెనకాడే షాపులో ఎంత తగ్గింపు ఇచ్చినా కొనకండి.