విద్యారుణం: అడిగినవారికే అందే రాయితీలు

అప్పు చేసి పప్పుకూడు తినేవారిని మన పెద్దలు ఎద్దేవా చేశారు. వారి ఆక్షేపణ ఆడంబరం కోసం చేసే అప్పును గురించే గాని, చదువు కోసం చేసే అప్పును గురించి కాదని మా విశ్వాసం. మా తరగతులలో విద్యారుణం మీద ఆధారపడినవారు కొందరున్నారు. రేపు ఇంజనీరింగు, ఎం.బి.ఏ. వంటి చదువులకు పోయి రుణం తీసుకొనవలసినవారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. అప్పు చేయవచ్చునా, కూడదా అన్న చర్చను మేమిక్కడ తలపెట్టడం లేదు. తప్పనిసరి అయిన ఆ అప్పు భారాన్ని తగ్గించుకొనే మార్గాలున్నా అవి మనలో చాలమందికి చేరడం లేదన్నదే మా ఆవేదన.

మన దేశంలో బ్యాంకులు ఇచ్చే విద్యారుణాలకు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ 2001లో రూపొందించిన ఆదర్శ పథకం మూలం. అనంతరం సవరణలు పొందిన ఈ పథకం విద్యార్థికి రెండు ఉపకారాలు చేసింది. చదువు సాగినంతకాలం, ఆపైన ఒక సంవత్సరం కిస్తు కట్టనవసరం లేదు. ఆ గడువులో వడ్డీ మీద వడ్డీ పడదు; బారు వడ్డీ మాత్రమే లెక్కిస్తారు. అయితే కిస్తుకు విరామం ఉన్నది గాని వడ్డీకి లేదు. ఈ భేదాన్ని గ్రహించకపోవడమే మనకు ముప్పు తెచ్చిపెడుతున్నది.

ఒక లెక్క చూద్దాం. నాలుగేళ్ల చదువుకు ఏటా ఒక లక్ష చొప్పున నాలుగు లక్షల రుణం తీసుకున్నామనుకొందాం. లెక్క సులువుగా ఉండడానికి వడ్డీ నూటికి ఏడాదికి పది అనుకొందాం. విరామ సంవత్సరంతో కలిపి మొదటి లక్ష మీద ఐదేళ్ల వడ్డీ 50,000. రెండవ దాని మీద 40,000. మూడవ దాని మీద 30,000. నాలుగవ దాని మీద 20,000. ఒక్క కిస్తు కూడా రాకముందే మన బాకీ 5,40,000 రూపాయలైంది. దీనిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,136 రూపాయల చొప్పున మొత్తం 8,56,000 పైచిలుకు చెల్లించాలి. అదే బాకీ నాలుగు లక్షల దగ్గరే నిలిచి ఉంటే కిస్తు 5,286, మొత్తం 6,34,000. అనగా చదువుకొనే రోజులలో పేరుకొన్న వడ్డీ చివరకు మన మీద మోపిన అదనపు బరువు 2,22,000 రూపాయలు. కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకునికి ఇది తక్కువ మొత్తం కాదు.

ఈ భారాన్ని తొలగించడానికే 2009-10 విద్యాసంవత్సరం నుండి కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ పథకం అమలులో ఉన్నది. కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షలు మించని విద్యార్థి వృత్తివిద్యా, సాంకేతిక కోర్సులలో చేరినట్లయితే చదువుకాలం, ఆపై ఒక సంవత్సరపు వడ్డీ మొత్తాన్ని ప్రభుత్వమే భరిస్తుంది. అధికారులు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం బ్యాంకుకు అందజేయాలి. జీవితంలో ఒక్క కోర్సుకే ఈ సదుపాయం. అనారోగ్యం వంటి కారణం లేకుండా చదువు మధ్యలో మానితే అది రద్దవుతుంది.

ఈ అర్హత లేనివారికి మరొక మార్గమున్నది. చదువుకొనే కాలంలోనే వడ్డీ కట్టుకొంటూ పోయినవారికి రేటులో ఒక శాతం తగ్గింపు ఇవ్వవచ్చునని ఆదర్శ పథకం చెబుతున్నది. చదువుకొనేటప్పుడే వడ్డీ కట్టగలిగినవానికి అప్పెందుకని మిత్రులు ప్రశ్నించవచ్చు. పై లెక్క ప్రకారం మొదటి సంవత్సరపు వడ్డీ నెలకు 833 రూపాయలు. ట్యూషన్లు చెప్పుకొనే విద్యార్థికి అది అందని మొత్తం కాదు. కాని నాలుగవ ఏడు వచ్చేసరికి అదే 3,333 అవుతుంది. కనుక ఈ మార్గం అందరికీ సాధ్యం కాదని మేమూ ఒప్పుకొంటాము. కట్టగలిగినంత కట్టినా బాకీ ఆ మేరకు పెరగదు.

ఇక మిగిలినవి సంక్షిప్తంగా చెప్పుకొందాం. కొన్ని బ్యాంకులు విద్యార్థినులకు అర శాతం తగ్గించి ఇస్తున్నాయి. 1994లో ఏర్పడిన జాతీయ అల్పసంఖ్యాకుల అభివృద్ధి, ఆర్థిక సంస్థ స్వల్పాదాయ కుటుంబాల విద్యార్థులకు మూడు శాతం వడ్డీతో విద్యారుణం నిర్దేశించింది. దానిని రాష్ట్ర సంస్థల ద్వారా పొందవలసి ఉంటుంది. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో చేరేవారికి ఉద్దేశించినది. కుటుంబాదాయం ఎనిమిది లక్షల లోపు ఉన్నవారికి పది లక్షల వరకు రుణం మీద విరామకాలంలో మూడు శాతం వడ్డీ రాయితీని అది కల్పించింది. ఏటా లక్షమందికే ఆ అవకాశం.

ఇన్ని సదుపాయాలు ఉండగా లోపమెక్కడ? మా మిత్రుడొకడు రుణం తీసుకొన్ననాడు పది చోట్ల సంతకాలు చేశాడు. ఆదాయ ధ్రువపత్రం ఇమ్మని బ్యాంకువారు అడగలేదు. ఇవ్వవలసి ఉన్నదని వానికి తెలియదు. చదువు ముగిసి మొదటి కిస్తు నోటీసు వచ్చిన నాడు పరుగెత్తితే, గడచిన సంవత్సరాల రాయితీకి గడువు దాటిపోయిందన్నారు. వాని తండ్రి ఆ నోటీసు చేతబట్టుకొని, "ఇంత ఎప్పుడు తీసుకున్నావు నాయనా?" అని అడిగాడట. మిత్రుడు తీసుకొన్నది నాలుగు లక్షలే. పెరిగిన మొత్తానికి ఆ తండ్రికి ఏమని సమాధానం చెప్పగలడు?

తప్పంతా విద్యార్థులదే అనడం న్యాయం కాదు. రాయితీ ఉన్నదని చెప్పవలసిన బాధ్యత రుణమిచ్చేవారికి ఉన్నది. పథకాలలోనూ అన్యాయం లేకపోలేదు. వృత్తివిద్యకు దొరికే పూర్తి వడ్డీ రాయితీ మా కళాశాలలో తెలుగు, ఉర్దూ సాహిత్యాలు చదివే బి.ఏ. విద్యార్థికి లేదు. వానికి ఫీజు తక్కువే కావచ్చు. హాస్టలు ఖర్చు మాత్రం తక్కువ కాదు. ఆ ఖర్చుకు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ వ్యాపారిని ఆశ్రయిస్తే ఏడాదికి ముప్పై ఆరు శాతమవుతున్నది. పైగా పథకాలు శాశ్వతం కావు. విదేశాలలో చదివే అల్పసంఖ్యాక విద్యార్థుల వడ్డీ భరించిన "పఢో పర్‌దేశ్" పథకం 2022-23 నుండి నిలిచిపోయింది. సీనియర్ల మాట నమ్మి దానిమీద ఆశ పెట్టుకొన్నవారిని మేమెరుగుదుము.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు మూడు. మొదటిది, 2018లో సవరించిన నియమాల ప్రకారం కేంద్ర వడ్డీ రాయితీ న్యాక్ వంటి గుర్తింపు పొందిన సంస్థల విద్యార్థులకే పరిమితమైంది. అందుచేత గుర్తింపు పత్రం గోడకు తగిలించుకొనే అలంకారం కాదు. అది పేద విద్యార్థి వడ్డీతో ముడిపడిన విషయం. దాని గడువు ఎన్నడూ తప్పిపోరాదు. రెండవది, ప్రవేశాల సమయంలో ఒక అధ్యాపకునికి ఈ బాధ్యత అప్పగించి, రుణం తీసుకొన్న ప్రతి విద్యార్థి ధ్రువపత్రం బ్యాంకుకు చేరినదో లేదో ఏటా విచారించాలి. మూడవది, ఆ సంవత్సరం అమలులో ఉన్న రాయితీల వివరాలను ఒక్క పుటలో ఉర్దూలోనూ తెలుగులోనూ అచ్చువేసి పంచాలి. కిస్తు, బాకీ, జమానతు, దరఖాస్తు అనే మాటలు మన రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి. మన తల్లిదండ్రులకు అర్థం కానివి ఈ మాటలు కావు; బ్యాంకు కాగితాలలోని ఇంగ్లీషు మాటలు.

మిత్రులకు మేము చెప్పదలచినది ఒక్కటే. సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: వడ్డీ ఏనాటి నుండి లెక్కకు వస్తుంది? నాకు వర్తించే రాయితీ ఏది? దానికి ఏ కాగితం ఏ తేదీలోగా ఇవ్వాలి? జవాబులను వ్రాతపూర్వకంగా తీసుకోండి. అడగడంలో చిన్నతనం లేదు. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదని సామెత. బ్యాంకు అమ్మకంటె దయగలది కాదు గదా!