ఏమీ కాని రాత్రి గురించి మనవరాలికి

చి.ల.సౌ. హాసినికీ, నీ ఈడు పిల్లలందరికీ తాతయ్య దీవించి రాసేది. మొన్న వచ్చినప్పుడు నవ్వుతూ ఒక మాట అడిగావు, "వైటూకే అని ఊరందర్నీ భయపెట్టారటగా తాతయ్యా, చివరికి ఏమీ అవలేదటగా?" అని. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. తరవాత ఆలోచిస్తే నీకు సరైన జవాబు బాకీ పడ్డానేమో అనిపించింది. ఏమీ అవకుండా ఉండటానికే కదమ్మా మేమంతా అన్నాళ్ళు కష్టపడింది! టెలిఫోన్ శాఖలో ఆ పని ఎలా జరిగిందో చెప్పగలవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. నీకు చెబితే నువ్వు పదిమందికి చెబుతావని ఆశ.

అసలు తిప్పలు ఎక్కడ మొదలయ్యాయో నువ్వు చదువుకునే ఉంటావు. పాతకాలం కంప్యూటర్లకు లెక్కలు అందించిన పంచ్ కార్డులో 80 నిలువు వరసలే ఉండేవి. పేరు, ఊరు, బాకీ, అన్నీ అందులోనే ఇరికించాలి. 19 ఎలాగూ ఉండేదేగా, దానికి రెండు గళ్ళు దండగెందుకని సంవత్సరాన్ని చివరి రెండంకెలతో సరిపెట్టారు. కార్డులు పోయి టేపులొచ్చాయి, టేపులు పోయి డిస్కులొచ్చాయి, అలవాటు మాత్రం పోలేదు. 2000 వచ్చేసరికి ఆ 00ని యంత్రం 1900 అనుకోవచ్చు, అదే వైటూకే పురుగు. దాన్ని తెలివితక్కువతనం అనకు తల్లీ. మెమరీ ఖరీదు అప్పట్లో అలాంటిది. పైగా తాము రాసిన ప్రోగ్రాములు ముప్పై, నలభై ఏళ్ళు బతుకుతాయని వాళ్ళెవరూ అనుకోలేదు.

ఇక మా టెలిఫోన్ల సంగతి. నేను ఉద్యోగంలో చేరిననాటి స్ట్రోజర్ ఎక్స్చేంజికి తారీఖుతో పనే లేదు. నువ్వు డయల్ తిప్పి వదిలితే, అంకె ఎంతో అన్ని మెట్లు సెలెక్టరు పైకెక్కి, పక్కకు తిరిగి, ఖాళీ లైను పట్టుకునేది. హాలంతా టకటకమని ఒకటే చప్పుడు. దానికి దుమ్ము తుడవాలి, నూనె వెయ్యాలి గానీ క్యాలెండరు చూపించక్కర్లేదు. 1980ల్లో ఫ్రాన్సు పరిజ్ఞానంతో ఈ-10బి ఎక్స్చేంజీలు వచ్చాయి. 1984లో పెట్టిన మన టెలికాం పరిశోధన సంస్థ సి-డాట్ తయారుచేసిన బుల్లి ఎక్స్చేంజీలు, ర్యాక్స్ అనేవాళ్ళం, పల్లెలకు వెళ్ళాయి. వీటి కడుపులో గడియారం ఉంది, తారీఖు ఉంది. అక్కడ మొదలైంది మాకు బెంగ.

గడియారం తప్పితే ఫోను ఆగిపోతుందా అని అడుగుతావేమో. ఆగదు. మాట కలపడానికి సంవత్సరం అక్కర్లేదు. అప్పటి మన మీటరు పల్సులు లెక్కపెట్టేది, పల్సుకింత అని బిల్లు. దానికీ శతాబ్దంతో పేచీ లేదు. పేచీ అంతా రేటు దగ్గర. పగలు వేరే ఊరికి చేసే ఎస్టీడీ కాల్‌కి నిండు రేటు, రాత్రి పొద్దుపోయాక పావు రేటు, ఆదివారాలు తగ్గింపు. కొడుకుతో మాట్లాడటానికి పావు రేటు కోసం పసుపుపచ్చ బోర్డు బూత్‌ల ముందు జనం ఆవలిస్తూ నిలబడిన రోజులవి. ఇప్పుడు చూడు, 2000 జనవరి 1 శనివారం. 1900 జనవరి 1 సోమవారం. రెండు సున్నాలు చూసి ఎక్స్చేంజి 1900 అనుకుందంటే, అది వారం తప్పుతుంది. అసలు ఆదివారం నాడు నిండు రేటు వేసి, ఏ శుక్రవారమో తగ్గింపు ఇస్తుంది. ఎవరికీ ఆ పూట తెలియదు. రెండు నెలలకు బిల్లు వచ్చాక తెలుస్తుంది, అప్పుడు మా ఆఫీసు ముందు బారు మొదలవుతుంది.

అంతకంటే చల్లగా చంపేది ఇంకోటుంది, అకౌంట్సు సెక్షన్లో మూలన కూర్చున్న బిల్లుల కంప్యూటరు. ఫాక్స్‌ప్రోలో ఎవరో కుర్రాడు రాసిపెట్టిన ప్రోగ్రాం. చిత్రమేమిటంటే, ఆ ఫైల్లో సంవత్సరానికి నాలుగంకెల చోటు ఉంది. కానీ తెర మీద గుమాస్తాకి కనిపించేది రెండే. వాళ్ళు 00 అని కొడితే ముందు 19 తనంతట తనే తగిలించుకునేది. డిసెంబరులో పంపిన బిల్లుకి కట్టాల్సిన గడువు జనవరి 2000లో పడుతుంది కదా. దాన్ని 1900గా రాసుకుంటే, ఆ చందాదారుడు వందేళ్ళుగా డబ్బు కట్టనివాడు! ఆ రాత్రి బాకీదార్ల జాబితా తీస్తే ఊరంతా అందులోకి వస్తుంది. ఆ జాబితా పట్టుకుని ఎక్స్చేంజిలో లైన్లు కోసేస్తారు. ఆసుపత్రి లైనూ, ఫైర్ స్టేషన్ లైనూ తేడా ఏముంటుంది కాగితానికి? విరుగుడు మాత్రం 'సెట్ సెంచరీ ఆన్' అన్న ఒక్క వరస, ఆ తరవాత ప్రతి తెరలోనూ తారీఖు గడి వెడల్పు చెయ్యడం. వరస చిన్నదే. అది ఎన్నెన్ని ప్రోగ్రాముల్లో, ఎక్కడెక్కడ పెట్టాలో వెతకడానికే నెలలు పట్టింది.

నిజానికి ఆ ఏడాది మేం చేసింది మరమ్మతుల కంటే వెతుకులాటే. గళ్ళు గీసిన పెద్ద రిజిస్టరు తెరిచి, కరెంటు మీద నడిచే ప్రతిదాన్నీ అందులోకి ఎక్కించాం. ఎక్స్చేంజి సరే. 198కి ఫిర్యాదు చేస్తే రాసుకునే కంప్యూటరు, 197లో నంబర్లు చెప్పే అమ్మాయిల ముందున్న కంప్యూటరు, ఫైబరు లైన్లను కనిపెట్టుకునే పెట్టె, బ్యాటరీలకు ఛార్జింగ్ ఇచ్చే పవర్ ప్లాంటు, కరెంటు పోగానే లేచే డీజిల్ ఇంజను, ఏసీ మిషన్లు. పాత పీసీలు సున్నా సున్నా చూడగానే 1980లోకి వెళ్ళి కూర్చునేవి. ప్రతిదానికీ 2000లోనూ సరిగ్గా పనిచేస్తుందని తయారీదారు నుంచి కాగితం తెప్పించాలి. కొందరు వెంటనే ఇచ్చారు, కొందరు దాటేశారు. కాగితం వచ్చినదాన్నీ నమ్మకుండా పరీక్షించాలి. నడుస్తున్న ఎక్స్చేంజి మీద ప్రయోగాలు చెయ్యకూడదు గనక ముందు వేరే నమూనా మీద చూసి, ప్యాచ్ ఎక్కించి, రద్దీ లేని అర్ధరాత్రుల్లో టేపు మీద కాపీ తీసుకుని చూసేవాళ్ళం. డిసెంబరు 31 రాత్రి ఒక్కటే కాదు చూడాల్సింది. 9-9-99 ఉంది, కొన్ని ప్రోగ్రాముల్లో తొమ్మిదుల వరసకి 'ఇక ఆపెయ్' అని అర్థం. 1999 ఆగస్టులో జీపీఎస్ ఉపగ్రహాల వారాల లెక్క మళ్ళీ సున్నాకి వచ్చింది, నెట్‌వర్కు గడియారాలు కొన్ని దాన్ని చూసే నడుస్తాయి. ఫిబ్రవరి 29 మరీ ముఖ్యం. నూరుతో భాగించే ఏళ్ళు లీపు కావు, కానీ 400తో కూడా తెగితే అవుతాయి. 1900 కాదు, 2000 అవును. సగం రూలు తెలిసినవాడు రాసిన ప్రోగ్రామే అన్నిటికంటే ప్రమాదం. ఇంకో సంగతి, గడియారాన్ని ముందుకు జరపడం తేలిక. పరీక్ష అయ్యాక వెనక్కి తేవడమే గండం, ఎందుకంటే రేపటి తారీఖుతో పుట్టిన రికార్డులు ఇవాళ లోపలే ఉండిపోతాయి.

ఇన్ని చేసినా మాకు యంత్రాల కంటే మనుషుల భయమే ఎక్కువగా ఉండేది. ఏ ఎక్స్చేంజీ అందరూ ఒకేసారి మాట్లాడతారని కట్టరు. ఎంతమంది, ఎంతసేపు మాట్లాడితే ఎన్ని లైన్లు కావాలో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీ ఇంజినీరు ఎర్లాంగ్ 1917లోనే లెక్క కట్టి చూపించాడు. ఇప్పటికీ ఆ రద్దీని ఆయన పేరుతోనే కొలుస్తాం. సరిగ్గా పన్నెండు కొట్టగానే 'ఫోను బతికే ఉందా' అని ఊరంతా రిసీవరు ఎత్తి చూస్తే డయల్ టోను అందరికీ అందదు. అందనివాడు 'చూశావా, పోయింది' అని మళ్ళీ ఎత్తుతాడు, పక్కవాణ్ణి ఎత్తమంటాడు. పురుగు లేకుండానే నెట్‌వర్కు కుప్పకూలుతుంది. అమెరికాలో టెలిఫోన్ వాళ్ళు ముందునుంచే జనాన్ని బతిమాలుకున్నారు, ఊరికే చూడటానికి ఎత్తకండి బాబూ అని.

డిసెంబరు 31, ఆ శుక్రవారం, మాకు సాయంత్రం నాలుగున్నరకే మొదలైంది. న్యూజిలాండ్‌లో అప్పుడే అర్ధరాత్రి దాటింది, అక్కడ దీపాలు వెలుగుతున్నాయి, ఫోన్లు మోగుతున్నాయి అన్న కబురుతో సగం ఊపిరి వచ్చింది. అయినా ఆ రోజు దేశం కళ్ళన్నీ కాందహార్ మీద ఉన్నాయి. హైజాకైన విమానంలోని వాళ్ళు విడుదలైంది ఆ రోజే. పన్నెండు దాటాక శుభాకాంక్షల కాల్స్‌తో ట్రంకు లైన్లు కాసేపు కిక్కిరిశాయి, అది ఏటా ఉండేదే. ఒక్కో పల్లె ర్యాక్స్‌కీ ఫోను చేసి, తారీఖు చదివించుకుని, రిజిస్టర్లో టిక్కు పెట్టుకున్నాం. అంతే. ప్రపంచంలోనూ పెద్దగా ఏం కాలేదు. జపాన్‌లో ఒసాకా మీడియా పోర్ట్ అనే టెలికాం సంస్థ నెట్‌వర్కులో తారీఖుల లెక్క తప్పింది, తెల్లవారుజామున 2:43కల్లా సరిచేశారు. అక్కడే డొకోమో అమ్మిన కొన్ని రకాల సెల్‌ఫోన్లు మెమరీ నిండితే పాత మెసేజీలు కాక కొత్తవి చెరిపేశాయి. దేశానికే టైము చెప్పే అమెరికా నేవల్ అబ్జర్వేటరీ వెబ్‌సైటు మీద సంవత్సరం 19100 అని పడింది, దానికి మేం చాలా రోజులు నవ్వుకున్నాం.

నవ్వలేనిదీ ఒకటి జరిగింది. ఇంగ్లండులో షెఫీల్డ్ ఆసుపత్రి కంప్యూటరు గర్భిణుల వయసు తప్పు లెక్కకట్టి, నూటయాభై మందికి పైగా తల్లులకు బిడ్డ గురించి తప్పుడు ఫలితాలిచ్చింది. నెలల తరవాత గానీ బయటపడలేదు. అందుకే పురుగు అబద్ధమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. భయం ఎక్కువ అమ్మారు, దాని మీద డబ్బు చేసుకున్నవాళ్ళూ ఉన్నారు, ఆ మాట మటుకు ఒప్పుకుంటాను. ఇటలీ, దక్షిణ కొరియా అంతగా ఖర్చుపెట్టకుండానే బయటపడ్డాయి కదా అంటారు. ఫోన్ల వరకు నా జవాబు ఇది: ప్రపంచంలో పెద్ద ఎక్స్చేంజీలు తయారుచేసేవాళ్ళు చేతి వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళు ఒకచోట దిద్దితే ఆ దిద్దుబాటు అన్ని దేశాలకూ అందింది. ఒకరు కష్టపడ్డారు, ఇంకొకరు హాయిగా నిద్రపోయారు. నిద్రపోయినవాణ్ణి చూపించి కష్టపడ్డవాణ్ణి వెక్కిరించడం న్యాయమా తల్లీ?

మీ బాబాయి అమెరికా వెళ్ళింది కూడా ఆ పురుగు పుణ్యమే. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కాడు. హెచ్-1బి వీసాల పరిమితిని అప్పుడు ఏడాదికి 1,15,000కి పెంచారు, మనవాళ్ళు చాలామంది అలా వెళ్ళినవాళ్ళే. అక్కడి కంపెనీల పాత ప్రోగ్రాముల్లో వరస వరస చదివి తారీఖులు వెతికారు. ఆ పని అయిపోయాక ఉద్యోగాలు ఊడి తిప్పలు పడ్డవాళ్ళూ ఉన్నారు. నీకు అంత తిప్పలు రాకుండా, చేసిన పనికి మాట దక్కేలా ఆ వేంకటేశ్వరుడు చూడాలి.

నా బెంగ ఇంకొకటి. ఆ రిజిస్టర్లు ఇప్పుడు లేవు. ఆఫీసులు మారినప్పుడు తూకానికి వెళ్ళిపోయాయి. దాచి ఉంచాల్సినవాళ్ళం మేమే, పని అయిపోయిందని వదిలేశాం. ఇంకో బాకీ కూడా మీ మీద పెట్టాం. ఆ రోజుల్లో టైము చాలక చాలాచోట్ల నాలుగంకెలు పెట్టలేదు. రెండంకెలే ఉంచి, 50 లోపైతే 2000ల కింద, పైనైతే 1900ల కింద లెక్కపెట్టుకోమని ప్రోగ్రాముకి చెప్పి వదిలేశారు. ఆ గీత ఎక్కడ గీశారో తెలిసినవాళ్ళు రిటైరయ్యారు. ఈ రోజుల్లో మీరు క్లౌడులో పని చేస్తారు, అడుగున ఏ యంత్రం ఉందో మీకు చూపించేవాళ్ళే లేరు. నీ తప్పు కాదది. కానీ ఉన్నవాటిని పేరుపేరునా ఎరిగి ఉండే అలవాటు పోతే, ఏదైనా అయిన రోజున ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

ఆ రోజు ఎప్పుడో నీకు తెలుసు. పాత కంప్యూటర్లలో చాలావాటి ప్రోగ్రాములు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తున్నాయి. 32 బిట్లలో 2,14,74,83,647 దాకానే చోటు. అది 2038 జనవరి 19, మంగళవారం, మన టైములో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది. తరవాతి సెకనుకి ఆ యంత్రానికి 1901 డిసెంబరు. పెద్ద కంప్యూటర్లు 64 బిట్లకు మారిపోయాయి, వాటి గురించి నాకు దిగులు లేదు. దిగులంతా చిన్న పెట్టెల గురించే. నువ్వు పనిచేసేది సిమ్ పెట్టిన మీటర్ల కంపెనీలో. గోడకి బిగించాక పదిహేనేళ్ళు ఎవరూ ముట్టుకోని పెట్టెలవి. ఇవాళ బిగించినవి ఆ మంగళవారానికి ఉంటాయి.

అందుకని అమ్మడూ, సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే మీ పెద్దవాళ్ళని ఒక జాబితా అడుగు. వాళ్ళ దగ్గర లేకపోతే నువ్వే మొదలుపెట్టు: పరికరం పేరు, ఎక్కడుంది, ఎవరు చేశారు, తారీఖుని దేనికి వాడుతుంది, ఎవరు పరీక్షించారు. ఎలా రాయాలో సందేహం వస్తే ఫోను చెయ్యి, నాకు గుర్తున్నంత చెబుతాను. దీర్ఘాయుష్మతీ భవ.

ఇట్లు,
మీ తాతయ్య