గొలుసు నుంచి పొరల పటం దాకా

1802లో మద్రాసు వద్ద సర్వే అధికారి లాంబ్టన్ ఆధార రేఖను కొలవడంతో ఆరంభమైన మహా త్రికోణమితి సర్వే నాటి నుంచి, గొలుసుతోను, థియొడలైట్ అనే కోణమాన యంత్రంతోను నేలను కొలిచి పటం గీయడమే సర్వే విద్యగా చిరకాలం సాగింది. ప్రతి కొలతను అక్షాంశ రేఖాంశాలతో ముడిపెట్టి, హద్దులను, కాలువలను, యాజమాన్య వివరాలను ఒకదానిపై ఒకటి పరచిన పొరలుగా నిలిపే భౌగోళిక సమాచార వ్యవస్థ, అనగా జీఐఎస్, పటం గీసే విద్యార్థిని పటాన్ని ప్రశ్నించే విద్యార్థిగా మార్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల పునఃసర్వేతో ఈ విద్య అవసరం గ్రామ సర్వేయరు దాకా వచ్చింది. అయితే ప్రక్షేపం, అనగా గుండ్రని భూమిని చదునైన కాగితంపైకి దించే గణితం, తెలియకుండా సాఫ్ట్‌వేర్ మీటలు మాత్రమే నేర్చినవారు రెండు పొరలు మీటర్ల కొద్దీ పక్కకు జరిగినా గుర్తించలేరు; గట్టు తగాదాలో ఒక్క మీటరైనా రైతుకు ప్రాణం. పొలంలో కొలత ముందు, తెరపై పటం తరువాత అన్న బోధనా క్రమాన్నే ఈ సంచిక వ్యాసాలు సమర్థిస్తున్నాయి.