ఓడిన ఆట పారెయ్యకండి

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఒక అమ్మాయి ఇంటిల్లిపాదికీ చదరంగంలో ఆట కట్టిస్తున్నదనుకోండి. ‘దీన్ని విదేశపు పోటీలకు తయారుచేయడమెట్లా?’ అని తల్లిదండ్రులకు బెంగ.

గుడివాడ కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ఆమెకు ఆట నేర్పడానికి తండ్రి అశోక్ ఉద్యోగమే వదులుకున్నారు. గుంటూరు హరికృష్ణకు తొలి గురువు తాతగారు. 2024లో సింగపూరులో గుకేశ్ జగజ్జేత కావడానికి తెరవెనుక సాయపడినవారిలో ఆ హరికృష్ణ ఒకరు.

అందరూ ఉద్యోగాలు మానక్కరలేదు. పెద్ద పోటీలలో ముట్టుకున్న పావును కదపక తప్పదు. ఎత్తులన్నీ ఆటగాళ్లే రాసుకోవాలి. ఈ అలవాట్లు ఇంట్లోనే చెయ్యండి. ఓడిన ఆట కాగితం దాచి, మరునాడు పక్కన కూర్చుని, ‘ఇక్కడ ఏమనుకున్నావు తల్లీ?’ అని అడగండి. అడిగేవారికి ఆట రాకపోయినా ఫరవాలేదు. జవాబు వెతుక్కోవడమే ఆమెకు తర్ఫీదు.