ఉద్యోగం డౌట్‌కి టారో యాప్: ఫ్రీ వెర్షన్ చాలు, ఏఐ రీడింగ్ వద్దు

ముందే క్లియర్‌గా చెప్పేస్తా. టారో కార్డులు భవిష్యత్తు చెప్తాయని నేను నమ్మను. అయినా నా ఫోన్‌లో ఒక టారో యాప్ ఉంది, దాన్ని తీసేసే ఆలోచన కూడా లేదు. దానికి కారణం ఈ నెల రోజులుగా నడుస్తున్న నా ఉద్యోగం పంచాయితీ.

మాది గాండ్లపెంట. చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి బెంగళూరులో యాప్ టెస్టింగ్, కాంట్రాక్ట్ మీద. రెండోది పెనుకొండ వైపు. కియా వచ్చాక ఆ చుట్టుపక్కల వెలిసిన విడిభాగాల ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో క్వాలిటీ చెకింగ్. బెంగళూరులో జీతం ఎక్కువే, కానీ పీజీ అద్దె, తిండి ఖర్చు తీసేస్తే మిగిలేది ఇంచుమించు సమానం. "శెనక్కాయ పంటను నమ్ముకోవద్దు, ఎట్లయినా బయటపడు" అంటాడు మా నాయన. యాడికి పోవాలో మాత్రం చెప్పడు.

ఇక యాప్ లోపల ఏముందో చూద్దాం. మొత్తం 78 కార్డులు, 22 మేజర్, 56 మైనర్. చాలా యాప్‌లలో కనిపించే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయిన డెక్‌వి, గీసింది పమేలా కోల్మన్ స్మిత్. అసలు టారో 15వ శతాబ్దపు ఇటలీలో ఉత్త పేకాట. జోస్యం దానికి గట్టిగా అంటుకున్నది 18వ శతాబ్దం చివర్లోనే. యాప్‌లో "షఫుల్" నొక్కితే జరిగేది ర్యాండమ్ నంబర్ల పని. మూడు కార్డులు వరుసగా తీస్తే 4,56,456 రకాలుగా రావచ్చు. తలకిందులు కార్డులు కూడా కలిపితే 36 లక్షలు దాటుతుంది. ఇందులో మీ జాతకం ఎక్కడా లేదు. తిరునాళ్లలో చిలక కార్డు లాగడం లాంటిదే ఇది కూడా. కాకపోతే చిలక్కి గింజ చాలు, యాప్‌కి మీ డేటా కావాలి.

మరి ఎందుకు వాడటం? నాకొచ్చిన కార్డు ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్. ఒక కుర్రాడు బల్ల మీద కూర్చుని నాణేలు చెక్కుతుంటాడు, ఊరు ఎక్కడో దూరంగా కనిపిస్తుంది. కింద రాసిన అర్థం చదవకుండా బొమ్మనే చూస్తూ కూర్చున్నా. అప్పుడు తట్టింది: నాకు కావలసింది టెస్టింగ్ పనా, లేక బెంగళూరా? నెల రోజులుగా జీతాల లెక్కలు వేస్తున్నా గానీ ఈ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఇంట్లో ఎవరూ అడగలేదు కూడా.

ర్యాండమ్‌కి ఇంత సీన్ ఉందా అంటే, ఉంది. చికాగో యూనివర్సిటీ ఎకనామిస్ట్ స్టీవెన్ లెవిట్ ఒక వెబ్‌సైట్ పెట్టి, ఎటూ తేల్చుకోలేని వాళ్ల కోసం బొమ్మా బొరుసా వేయించాడు. 20 వేలకు పైగా టాస్‌లు పడ్డాయి. ఉద్యోగం మానేయాలా లాంటి పెద్ద విషయాల్లో, మార్పు వైపు టాస్ పడినవాళ్లు నిజంగానే ఎక్కువగా మారారు, ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెప్పారు. 2021లో ఆ పేపర్ పబ్లిష్ అయింది. గుర్తుపెట్టుకోండి, వాళ్లంతా ముందే గోడ మీద పిల్లులు, పైగా తామే ముందుకొచ్చినవాళ్లు. నాణేనికి వాళ్ల గురించి ఏమీ తెలీదు.

నాకు నచ్చనిది ఏఐ రీడింగ్. ఒకే ప్రశ్న ఐదుసార్లు వేసి చూశా. ఏ కార్డు వచ్చినా "మీకు మంచి మార్పు రాబోతోంది" అన్నదే సారం. ఇక్కడ బొమ్మ చేసిన మేలు కూడా పోతుంది, ఎందుకంటే ఆలోచించే పని మన చేతిలోంచి లాగేసుకుంటుంది. పైగా రోజుకో నోటిఫికేషన్, "మళ్లీ తీయండి" బటన్, దాని వెనకే సబ్‌స్క్రిప్షన్. ప్రశ్న టైప్ చేసే బాక్స్‌లో కంపెనీ పేరు, జీతం, ఇంటి అప్పులు అస్సలు రాయొద్దు. ఇన్‌స్టాల్ చేసే ముందు ప్లే స్టోర్‌లో "డేటా సేఫ్టీ" సెక్షన్ ఒకసారి తెరవండి. నోటిఫికేషన్ పర్మిషన్ అడిగితే నో చెప్పండి. ఆఫ్‌లైన్‌లో పనిచేసే యాప్ దొరికితే ఇంకా మేలు.

ఆ రాత్రే బెంగళూరు హెచ్‌ఆర్‌కి మెసేజ్ పెట్టా: కాంట్రాక్ట్ 11 నెలల తర్వాత పర్మనెంట్ అయ్యే ఛాన్స్ ఎంత? పెనుకొండ వాళ్లని షిఫ్ట్ టైమింగ్స్, కదిరి వైపు నుంచి బస్ ఉందా అని అడిగా. పెనుకొండ వాళ్లు పొద్దున్నే ఫోన్ చేశారు, బస్ లేదట. బెంగళూరు నుంచి ఇంకా రిప్లై రాలేదు.