ఆలన బండి ఈ అవ్వ ఇంటికి రావద్దా?

దొంతన్‌పల్లి దిక్కు పొద్దుగూకంగ కంపౌండ్ గోడ పట్టుకొని నడిచే ముసలవ్వను చూసిండ్రా? "ఏడికే అవ్వా?" అంటే "చెల్క కాడికి బిడ్డా, బర్రెను ఇప్పుకరావాలె" అంటది. చెల్క అమ్మి ఏండ్లయింది. ఆడ ఇప్పుడు వెంచర్ ఉంది. ఇసొంటి అవ్వ మా దిక్కు ఏ ఊర్లనైనా ఉంటది.

ఇంటోళ్లు చాదస్తం అంటరు. గాలి సోకిందని తాయెత్తు కట్టేటోళ్లు గూడ ఉన్నరు. కానీ ఇది డిమెన్షియా, మెదడుకొచ్చే జబ్బు. 2023ల బయటికొచ్చిన లాసి-డాడ్ సర్వే ప్రకారం మన దేశంల 60 ఏండ్లు దాటినోళ్లల్ల 7.4 శాతం మందికి, అంటే దగ్గర దగ్గర 88 లక్షల మందికి ఇది ఉంది. పట్నంల కంటె పల్లెల్ల ఎక్కువ, మొగోళ్ల కంటె ఆడోళ్లల్ల ఎక్కువ.

ఆరోగ్యశ్రీ 10 లక్షలు చేసిండ్రు, మంచిదే. కానీ అది దవాఖానల బెడ్ ఎక్కితెనే. ఈ జబ్బుకు ఆపరేషన్ లేదు, రాత్రి పగలు పక్కన ఒక మనిషి ఉండాలె. ఆ మనిషి ఎవరు? కోడలో, బిడ్డనో. ఆమె కూలి బందైతది. ఆసరా పింఛన్ చూస్తే 2019ల 2016 రూపాయలు చేసిండ్రు, 4000 చేస్తమని 2023 ఎలక్షన్లల్ల చెప్పిండ్రు. 2025-26 ఉపాధి హామీ రేటు రోజుకు 307 లెక్కన 2016 అంటే ఏడు దినాల కూలి గూడ కాదు!

కేరళల ఆశ్వాసకిరణం కింద మంచం పట్టినోళ్లను చూసుకునేటోళ్లకు నెలకు 600 పెట్టిండ్రు. ఏ మూలకు సాలుతది అంటరు. నిజమే, సాలది. కానీ ఇంట్ల చేసేది గూడ పనే అని ఒక సర్కారు ఒప్పుకున్నది గదా.

మనకు సుత ఒక దారి ఉంది. చేవెళ్ల సర్కారు దవాఖానల పాలియేటివ్ కేర్ నడుస్తున్నది, ‘ఆలన’ బండిల నర్సులు ఊర్లకొచ్చి ఇంట్లనే చూస్తరు. అది క్యాన్సర్ రోగులకు, మంచాన పడ్డోళ్లకు పెద్ద ఆసరా. మరి మన అవ్వ మంచాన పడలే, నడుస్తున్నది. అదే చిక్కు. మంచాన పడేదాక ఆగకుండ ఈ ముసలోళ్ల పేర్లు గూడ ఆ లిస్టుల ఎక్కాలె. గ్రామసభల ఇదే అడుగుండ్రి.

ముందుగాల ఆశ అక్కకు చెప్పి దవాఖానకు తోల్కపోండ్రి. థైరాయిడ్ తేడా ఉన్నా, బి12 తక్కువున్నా మతి తప్పుతది, అది మందులతోని చానామట్టుకు తగ్గుతది. ఇంకొక్కటి, ఇయ్యాల్నే చేయండ్రి. చీటి మీద ఫోన్ నంబర్ రాసి అవ్వ కొంగుకు ముడెయ్యండ్రి.